లెక్క చెప్పే కథ: బడిపిల్లలకు వాణిజ్య విద్య

తణుకులో జీవితమంతా కామర్సు బోధించిన మాస్టారి స్మారకోపన్యాసం ఇది.

గోస్తనీ తీరాన ఉన్న ఈ ఊళ్లో కథా, లెక్కా పక్కపక్కనే పెరిగాయి. నన్నయభట్టు ఇక్కడ యజ్ఞం చేశాడని ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పక్కనే మండపాకలో 1921లో దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టారు. అదే 1921లో పుట్టిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో ఇక్కడ ఆంధ్రా షుగర్స్‌ను నెలకొల్పారు. కవీ పారిశ్రామికవేత్తా ఒకే ఏట, ఒకే ప్రాంతానికి దక్కారు. మన బడులు మాత్రం వారిద్దరినీ రెండు వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాయి. తిలక్ తెలుగు వాచకంలోకి వెళ్లారు. హరిశ్చంద్రప్రసాద్ ఏ పాఠంలోకీ రాలేదు. ఆ రెండు గదుల మధ్య గోడ తీసేయవచ్చని, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే తీసేయాలని, అందుకు కావలసిన సాధనం ఇప్పుడు పిల్లల చేతిలోనే ఉందని చెప్పడానికి ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

మన రాష్ట్రంలో వాణిజ్యం ఒక పాఠ్యాంశంగా ఎప్పుడు మొదలవుతుంది? ఇంటర్మీడియట్‌లో, సీఈసీ గానీ ఎంఈసీ గానీ తీసుకున్నవారికి. అప్పటికి విద్యార్థికి పదహారేళ్లు. అంతవరకూ మార్కెట్ గురించిన ఒకటి రెండు పాఠాలు సాంఘికశాస్త్రంలో ఉంటాయి, వడ్డీ లెక్కలు గణితంలో ఉంటాయి. కానీ పన్నెండేళ్ల పిల్లకు వ్యాపారం తెలియదనుకోవడం పొరపాటు. ఇంటి దగ్గర కిరాణా కొట్లో తండ్రి భోజనానికి వెళ్తే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆ పిల్లే. కౌలుకు తీసుకున్న పొలంలో పంట తడిస్తే ఇంట్లో ఏ మాటలు నడుస్తాయో ఆ పిల్లకు తెలుసు. డ్వాక్రా సంఘం వాయిదా ఏ తేదీన కట్టాలో అమ్మ కంటే ముందు గుర్తుచేసేదీ ఆ పిల్లే. ఇంత తెలిసిన పిల్ల ఇంటర్‌లో చేరేసరికి వ్యాపారమంటే నిర్వచనాలనీ, లక్షణాలనీ, ప్రయోజనాలనీ బట్టీ పట్టవలసిన విషయమని నేర్చుకుంటుంది. తెలిసినదాన్ని మరిచిపోయి తెలియనిదాన్ని వల్లించడం దగ్గర మన వాణిజ్య విద్య ప్రారంభమవుతోంది.

పూర్వం ఇలా లేదు. మన సాహిత్యంలో వాణిజ్యం కథగానే వచ్చింది. చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రికలో మిత్రభేదం వర్ధమానుడనే వర్తకుడి ప్రయాణంతో మొదలవుతుంది. చదువు అబ్బని రాజకుమారులకు విష్ణుశర్మ చెప్పిన కథల్లో బండి మీద సరుకు వేసుకుని బయల్దేరిన వ్యాపారి ఉన్నాడు, దారిలో కూలబడిన ఎద్దు ఉంది, ముందుకు సాగాలా ఆగాలా అన్న నిర్ణయం ఉంది.

గుణాఢ్యుడి బృహత్కథ శాతవాహనుల కాలంలో పుట్టిందని మన సంప్రదాయం చెబుతుంది. దాని ఆధారంగా 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఎలుక వర్తకుడి కథ ఉంది. ఒక పేద కుర్రవాడు విశాఖిలుడనే ధనికుడి దగ్గరకు పెట్టుబడి అడగడానికి వెళ్తాడు. ఆ ధనికుడు ఎవరినో మందలిస్తూ, సమర్థుడైతే అక్కడ పడి ఉన్న చచ్చిన ఎలుకతోనైనా డబ్బు సంపాదిస్తాడని అంటాడు. కుర్రవాడు ఆ ఎలుకనే పెట్టుబడిగా తీసుకుంటాడు. ఒక వర్తకుడి పిల్లికి దాన్ని ఆహారంగా ఇచ్చి రెండు గుప్పిళ్ల శనగలు పొందుతాడు. ఆ శనగలూ, కుండెడు చల్లని నీళ్లూ పట్టుకుని దారిలో నిలబడి, అలసి వచ్చే కట్టెలవాళ్లకు పెడతాడు. వాళ్లు కృతజ్ఞతగా తలా రెండు కట్టెలు ఇస్తారు. వానలు పడి కట్టెలకు కొరత వచ్చినప్పుడు నిలవచేసిన కట్టెలు అమ్మి దుకాణం పెడతాడు. ఈ కథలో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఒక చిన్న వివరం. చచ్చిన ఎలుకను తీసుకుంటూ ఆ కుర్రవాడు రసీదు రాసి ఇస్తాడు, విశాఖిలుడు దాన్ని పెట్టెలో భద్రపరుస్తాడు. కథ చెప్పేవాడికి ఆ రసీదు అక్కర్లేదు. అది లేకపోయినా కథ నడుస్తుంది. అయినా చెప్పాడు. లెక్క లేని వ్యాపార కథ అసంపూర్ణమని ఆ పూర్వికుడికి తెలుసు.

ఇంకో కథ వరి పండే ఈ నేల మీద మరింత బాగా అర్థమవుతుంది. దండి దశకుమారచరితంలోని గోమిని వృత్తాంతం అది. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. కాంచీపుర వర్తక కుమారుడు శక్తికుమారుడు తగిన భార్య కోసం వెతుకుతూ, ఒక ప్రస్థం వడ్లు మూటగట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ఈ వడ్లతోనే తనకు సంపూర్ణంగా భోజనం పెట్టగలరా అని అడుగుతాడు. అందరూ నవ్వి పంపేస్తారు. సిరి పోయిన ఇంటి పిల్ల గోమిని మాత్రం ఒప్పుకుంటుంది. వడ్లు ఎండబెట్టి, పొట్టు చితకకుండా బియ్యాన్ని వేరుచేస్తుంది. ఆ పొట్టును నగలకు మెరుగుపెట్టే కంసాలులకు అమ్మించి, వచ్చిన గవ్వలతో కట్టెలూ, కుండా, మూకుళ్లూ తెప్పిస్తుంది. అన్నం వండాక మిగిలిన నిప్పులు ఆర్పి, ఆ బొగ్గులు అమ్మించి కూరలు, నెయ్యి, పెరుగు, చింతపండు తెప్పిస్తుంది. చేతిలో రూకైనా లేకుండా మొదలుపెట్టిన ఆ పిల్ల సంపూర్ణమైన విందు వడ్డిస్తుంది.

ఉప ఉత్పత్తుల ఆర్థికశాస్త్రంలో ఇంతకంటె మంచి తొలి పాఠం నాకు తెలియదు. ఈ ఊరి పిల్లలు దీన్ని పుస్తకంలో చదివి ఊరుకోనక్కర్లేదు, కళ్లతో చూడవచ్చు. రైసు మిల్లులో ఊక బాయిలరుకు వెళ్తుంది, తవుడు నూనె తీయడానికి వెళ్తుంది, నూక వేరే బేరం. చెరకు ఆడితే పంచదార వస్తుంది, పిప్పి బాయిలరులోకి, మొలాసిస్ ఆల్కహాలుకు పోతాయి. పంచదారతో మొదలైన ఆంధ్రా షుగర్స్ క్రమంగా రసాయనాల్లోకి, ఆస్పిరిన్‌లోకి, చివరికి ఇస్రో రాకెట్ల ద్రవ ఇంధనంలోకి అడుగుపెట్టింది. శ్రీహరికోటలో వికాస్ ఇంజను మండించే ఇంధనానికి తణుకుతో సంబంధం ఉందని ఈ పట్టణంలో ఎంతమంది ఏడో తరగతి పిల్లలకు తెలుసు? ఒక చెరకు ఫ్యాక్టరీ అక్కడివరకూ ఎలా వెళ్లింది, ఏ దశలో ఎవరు ఎంత సాహసించారు, ఆ తరువాత డెల్టాలో చెరకు ఎందుకు తగ్గిందన్నది గోమిని కథ అంత ఆసక్తికరంగా చెప్పదగిన కథ. దాన్ని పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పిల్లలను చెప్పమనీ అడగలేదు.

ఇక సాధనం విషయం. డిజిటల్ కథనం ఒక బోధనా పద్ధతిగా 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో రూపుదిద్దుకుంది. డానా యాచ్‌లీ, జో ల్యాంబర్ట్, వారి సహచరులు మామూలు మనుషులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ఎవరి కథ వారిచేత రాయించి, వారి గొంతుతోనే చదివించి, కొన్ని ఫొటోలతో కలిపి రెండు మూడు నిమిషాల చిత్రంగా తయారు చేయించారు. 2001 నుంచి 2008 వరకూ బీబీసీ వేల్స్ ప్రాంతంలో ఇదే పద్ధతిలో ఊళ్లవారి కథలు సేకరించింది. హూస్టన్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ రాబిన్ దీన్ని తరగతి గదికి అనువుగా మలిచారు. ఈ పద్ధతిలో యంత్రానిది చిన్న పాత్ర. మొదట బృందంలో నోటితో కథ చెప్పాలి, వినేవాళ్లు ప్రశ్నలు అడగాలి, తరువాత ఒక పేజీకి మించకుండా రాయాలి. కెమెరా ఆ తరువాత వస్తుంది.

అయితే దీనికి నమూనా కోసం మనం సముద్రాలు దాటవలసిన పని లేదు. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలకు వీడియో కెమెరా నేర్పింది. వారిలో చాలామంది చదువుకోని రైతు కూలీలు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఆ మహిళలు వరంగల్లు పత్తి రైతుల వెంట వరసగా మూడేళ్లు నడిచారు. విత్తనానికి ఎంత పెట్టారు, మందులకు ఎంత, దిగుబడి ఎంత, చేతికి వచ్చింది ఎంత అని ఒక్కో రైతు చేత కెమెరా ముందు చెప్పించారు. బీటీ పత్తి మంచిదా చెడ్డదా అన్న వివాదంలోకి నేనిక్కడ వెళ్లడం లేదు. ఆ చిత్రాల నిర్మాణం గురించే మాట్లాడుతున్నాను. అవి కన్నీళ్ల మీద నిలబడిన చిత్రాలు కావు, జమాఖర్చుల మీద నిలబడిన చిత్రాలు. అక్షరం రానివారు చేసిన ఆ పనిని అక్షరం వచ్చిన మన పిల్లలు చేయలేరా?

2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. వాటిలో పాఠాలు నింపి ఇచ్చారు. తరువాత తరగతి గదుల్లోకి పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. ఆ ప్రయత్నాన్ని నేను తక్కువ చేయను. పేదింటి పిల్ల చేతికి మంచి పరికరం రావడం గొప్ప విషయం. కానీ వాటన్నిటిలోనూ పిల్ల ప్రేక్షకురాలే. ఎక్కడో ఎవరో తయారు చేసిన పాఠాన్ని చూస్తుంది, వింటుంది, ప్రశ్నలకు జవాబులు గుర్తిస్తుంది. ఆ ట్యాబుకు కెమెరా ఉంది, మైకు ఉంది. వాటికి పని చెప్పిన రోజున ఆ పిల్లే కథకురాలవుతుంది.

ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది ఒక ఉదాహరణతో వివరిస్తాను. బడిలో మధ్యాహ్న భోజనంలో పెట్టే కోడిగుడ్డును తీసుకుందాం. తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడి గుడ్లు లారీలెక్కి బెంగాల్, ఒడిశా, అస్సాంల దాకా వెళ్తాయి. నలుగురు పిల్లల బృందం ఒకటి ఈ గుడ్డు కథ చెబుతుందనుకోండి. మొదట ఫారానికి వెళ్లి మేతలో ఏముందో అడగాలి: మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు. మొక్కజొన్న ధర పెరిగితే ఏమవుతుందో రైతు చెబుతాడు. ముప్ఫై గుడ్లు పట్టే అట్ట ట్రే ఎక్కడినుంచి వస్తుందో, లారీ కిరాయి ఎవరు భరిస్తారో, దారిలో పగిలిన గుడ్లు ఎవరి ఖాతాలో పడతాయో అడగాలి. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, ధర ఎవరు నిర్ణయిస్తారన్నది. 1982లో బి.వి.రావు నాయకత్వంలో కోళ్ల రైతులు తమ జాతీయ గుడ్ల సమన్వయ సంఘమైన నెక్‌ను ఏర్పాటు చేసుకునే ముందు వర్తకుడు చెప్పిందే ధర. ఇప్పుడు ప్రతిరోజూ వంద గుడ్లకు ఇంత అని ప్రాంతాలవారీగా ధర ప్రకటిస్తారు. అందులో పశ్చిమగోదావరికి ఒక వరస ఉంటుంది. ఒక నెల రోజులు ఆ ధరలు రాసుకుంటే పిల్లలు గీసే గ్రాఫు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. గిరాకీ, సరఫరా అన్న మాటలు ఉపాధ్యాయుడు ఆ గ్రాఫు చూపించి అప్పుడు చెప్పాలి.

ఆ కథలో నష్టానికి కూడా చోటుండాలి. 2025 ఫిబ్రవరిలో ఈ మండలంలోని వేల్పూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్లను పూడ్చిపెట్టారు, చుట్టుపక్కల కోడి మాంసం, గుడ్ల అమ్మకాలు ఆపేశారు. ఆ రోజుల్లో కూలీలు ఏం చేశారు, అప్పు తెచ్చి షెడ్డు కట్టినవారి వాయిదా ఏమైంది, బీమా ఉందా లేదా అని పిల్లలు అడిగి తెలుసుకుని చెప్పగలిగితే, నష్టభయం అంటే ఏమిటో వారికి ఎవరూ నిర్వచించి చెప్పనక్కర్లేదు. విజయగాథలు మాత్రమే చెప్పే వాణిజ్య విద్య పిల్లలను రేపటి నష్టానికి నిరాయుధులుగా పంపుతుంది.

ఇక్కడ నా వాదనలోని రెండో సగానికి వస్తాను. నా దృష్టిలో ఇదే అసలు సగం. లెక్క లేని కథ ప్రమాదకరం. దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. నరసాపురం లేసు గురించి మీ అందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఆ కుట్టుపని వేలాది స్త్రీల చేతుల్లో పెరిగి విదేశాలకు చేరింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మనం గర్వించవలసిన విషయమే. కానీ జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో ఉండి పరిశోధించి 1982లో ప్రచురించిన పుస్తకం ఇంకో సంగతి చెప్పింది. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో సరదాగా అల్లుకునే లేసు అన్న కథ అందరి నోటా ఉంది. నిజానికి వాళ్లు గంటల తరబడి పనిచేస్తున్నారు, ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారు చేస్తున్నారు, అయినా కార్మికులుగా ఎవరి లెక్కలోకీ రాలేదు. తీరిక వేళల కథ వారి కూలిని తగ్గించి ఉంచడానికి పనికొచ్చింది. అందమైన కథ లెక్కను మింగేసింది.

ఇవాళ మన పిల్లలు చేతిఫోన్లో రోజంతా చూస్తున్నవి ఇలాంటి కథలే. కోటీశ్వరులైపోయిన కుర్రవాళ్ల కథలు, వారంలో డబ్బు రెట్టింపు చేస్తామనే కథలు, ఆన్‌లైన్ ఆటల్లో గెలిచినవారి కథలు. ఓడినవారి కథ ఏ ప్రకటనలోనూ రాదు. ఇటువంటి కాలంలో మనం కూడా బడిలో మరికొన్ని మెరిసే వీడియోలు చేయించి, నేపథ్య సంగీతం జోడించి, బహుమతులిచ్చి పంపిస్తే ఆ ప్రవాహంలో మరో చుక్క కలిపినట్టే అవుతుంది. అందుకే పిల్లలు తీసే ప్రతి వ్యాపార కథలో ఒక్క దృశ్యం తప్పనిసరిగా ఉండాలని కోరుతున్నాను: పద్దు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరికి ఎంత చేరింది. తెల్లకాగితం మీద ఆ పిల్ల చేతిరాతతో రాసిన ఒక చిట్టా పేజీ చాలు. మాస్టారు తన విద్యార్థులకు చిట్టా ఆవర్జాలు నేర్పారు. వారి స్మృతికి ఆ పేజీయే సరైన నివాళి అవుతుంది.

ఇది పిల్లల శక్తికి మించినదని అనుకునేవారికి ఒక పాఠాన్ని గుర్తుచేస్తాను. ఎన్‌సీఈఆర్‌టీ 2007లో తెచ్చిన ఏడో తరగతి సాంఘికశాస్త్ర పుస్తకంలో ఒక చొక్కా కథ ఉంది. అది మన కర్నూలులో స్వప్న అనే చిన్న రైతుతో మొదలవుతుంది. ఆమె వ్యాపారి దగ్గర 2,500 రూపాయలు అప్పు తెచ్చి పత్తి వేసింది. పంటంతా అతనికే అమ్ముతానని మాట ఇచ్చింది. మార్కెట్టులో క్వింటా 1,800 ఉండగా అతను 1,500 కట్టాడు. నాలుగు క్వింటాళ్లకు 6,000 వచ్చింది, అందులో 3,000 అప్పుకూ వడ్డీకీ మినహాయించుకున్నాడు. ధరలో 1,200, వడ్డీలో 500, మొత్తం 1,700 రూపాయలు ఆమెకు ఎందుకు దక్కలేదో పన్నెండేళ్ల పిల్ల లెక్కగట్టగలదు. లెక్కగట్టాక అడిగే ప్రశ్న పెద్దవాళ్లను కూడా ఆలోచింపజేస్తుంది. ఆ పాఠాన్ని ఢిల్లీలో పెద్దలు రాశారు. అటువంటి పాఠాన్ని అత్తిలి, ఉండ్రాజవరం, పెనుగొండ పిల్లలు తమ ఊరి గురించి తామే రాయాలన్నది నా ఆశ.

ఆచరణలో ఇబ్బందులు ఉన్నాయి. వాటిని దాటవేయడం ఉపాధ్యాయులకు అన్యాయం చేయడమే. ఇంటి అప్పులు, ఆదాయాలు బయటపెట్టడానికి ఏ కుటుంబం ఇష్టపడదు, పిల్లల చేత అది చేయించకూడదు కూడా. కాబట్టి సొంత ఇంటి లెక్క కాకుండా, ఒప్పుకున్న ఒక కొట్టు, మిల్లు, ఫారం లెక్క తీసుకోవాలి. పేరు వద్దన్నవారి పేరు, ముఖం వద్దన్నవారి ముఖం చూపకూడదు. చిత్రాన్ని బడిలో, ఊరిలో ప్రదర్శించాలి తప్ప అంతర్జాలంలో పెట్టకూడదు. అది చిన్నపిల్లల ముఖాలు, గొంతులు తిరిగే చోటు కాదు. కులవృత్తుల కథలు చెప్పించేటప్పుడు ఏ పిల్లా తన తండ్రి పని చెప్పి తలదించుకునే పరిస్థితి రాకుండా చూసుకోవాలి. ఆడపిల్లలను గొంతుకు, మగపిల్లలను కెమెరాకు పరిమితం చేయడం కూడా చూస్తున్నాం. అది మొదటి రోజే ఆపాలి. ఇక సిలబసు పూర్తిచేయాలన్న ఒత్తిడిలో సమయం ఎక్కడిదని ఉపాధ్యాయులు అడుగుతారు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, స్థానిక వృత్తులవారి దగ్గర గడపాలని చెప్పింది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రం చేయమని కోరిన ఆలోచనకు ఇది దూరపు వారసత్వం. ఆ పది రోజులు చాలాచోట్ల కాగితం మీదే ఉన్నాయి. వాటిని ఈ పనికి వాడుకోవచ్చు.

మరొక మాట. మంచి కథ రావాలంటే మంచి శ్రోత ఉండాలి. పిల్ల తన కథ మొదటిసారి నోటితో చెప్పినప్పుడు తరగతిలో ఎవరో ఒకరు లేచి, ఆ పగిలిన గుడ్ల డబ్బు చివరికి ఎవరు కట్టారని అడగాలి. ఆ ప్రశ్న అడిగే అలవాటును ఏ యంత్రమూ నేర్పలేదు. అది ఉపాధ్యాయుడు మాత్రమే చేయగల పని.

తణుకులోని మిల్లు యజమానులకు, కోళ్ల రైతులకు, బజారులోని వర్తకులకు నా విన్నపం ఇది. ఈ విద్యా సంవత్సరంలో ఒక్క రోజు మీ తలుపులు ఏడో తరగతి పిల్లలకు తెరవండి. యంత్రాలు చూపించండి, దానితోపాటు ఒక నెల జమాఖర్చు కూడా చూపించండి. దాచవలసిన అంకెలు దాచండి, చూపిన అంకెలు మాత్రం నిజమైనవి చూపించండి. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం: సంచీ లేని పది రోజుల్లో రెండు రోజులు దీనికి కేటాయించండి, మీ బడిలో ఉన్న ట్యాబుల్లో నాలుగు చాలు. స్మారక సంఘం వారికి నా విన్నపం: వచ్చే ఏడాది ఇదే వేదిక మీద నాలాంటి ఉపన్యాసకుణ్ణి పిలవడానికి ముందు, ఈ మండలం పిల్లలు తీసిన చిత్రాలు ప్రదర్శించండి. వాటిని చూసి ప్రశ్నలు అడగడానికి మీరందరూ తప్పక రండి.